నానిందా అని అడిగిన మనిషి

డ్రిల్లు మిషను రెండు వేళ్ళ లోతు దాకా అరుచుకుంటూ పోయి, గొంతు పడిపోయినట్టు ఒక్కసారిగా మెత్తబడింది. బొక్కలోంచి ఎర్రమట్టి సన్నని ధారగా జారి మంచం మీద పడింది. టీవీ బిగించడానికి ఉరవకొండ నుంచి వచ్చిన మంజునాథ మిషను ఆపి, ముఖానికి కట్టుకున్న తువ్వాలు దించి, గోడ వంక చూశాడు. నేను మట్టి వంక చూశాను. చూడక ముందే వాసన తగిలింది. కొర్రగడ్డి తునకలతో కలిసి నాని, ఎండి, ఇరవై ఏళ్ళు రాళ్ళ మధ్య చీకట్లో ఉన్న మట్టి వాసన. పులుపు అనాలో కమ్మదనం అనాలో నాకు తెలియదు. ఆ మట్టిని తొక్కినవి నా కాళ్ళే. దాన్ని రాళ్ళ మధ్య పెట్టింది దస్తగిరన్న చెయ్యి. ఆ చెయ్యి మట్టిలో కలిసి కూడా చాలా ఏళ్ళయింది.

నాకు చదువు రాదు. వేలిముద్ర మాని సంతకం పెట్టడం ఒక్కటి నేర్చుకున్నాను, అదీ చివరికి వచ్చేసరికి వంకర పోతుంది. నేను చెబుతూ ఉంటే నా కూతురు సుజాత రాస్తోంది. దస్తగిరి అనే బేల్దారికి ఫోటో లేదు. ఆయన కట్టిన రాతి గోడలు మా బెళుగుప్ప పక్క ఊళ్ళలో ఒక్కొక్కటే పడగొట్టి, ఇటుక, సిమెంటుతో కడుతున్నారు. ఇంకొన్నేళ్ళకు ఆయన ఉన్నాడని చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకని చెబుతున్నాను. ఇంకొక కారణం కూడా ఉంది. అది ముందే చెబితే మీకు అర్థం కాదు.

నా మొగుడు నాగన్న చేనులో పాము కరిచి పోయినప్పుడు సుజాతకు మూడేళ్ళు. ఆ ఏడు మా పక్క విత్తనమే పడలేదు. విత్తనం పడకపోతే కలుపు ఎక్కడిది, కూలి ఎక్కడిది? రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మూడో నెలలో, ఊరి బయట గోడ కడుతున్న చోటికి పోయి ఊరికే నిలబడ్డాను. సన్నగా, పొడుగ్గా, చెవి మీద వెలిగించని బీడీ పెట్టుకున్న మనిషి ఒకడు రాయితో పోట్లాడుతున్నాడు. నిజంగానే. దాన్ని అటూ ఇటూ మూడుసార్లు తిప్పి, "నీకింకా పెండ్లి కుదర్లేదు, రోంతసేపు ఆడ కూచో" అని పక్కన పెట్టి ఇంకో రాయి అందుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. మొగుడు పోయిన తరువాత అదే మొదటి నవ్వు. నవ్వినందుకు భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏమ్మే, మట్టి తొక్కుతావా?" అన్నాడు నా వైపు తిరగకుండానే.

"తొక్కుతానన్నా."

"అందరూ అట్లే అంటారు. దిగు చూద్దాం."

గుంటలోకి దిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో "ఆగు" అన్నాడు. "కాలి కింద గడ్డ తగిలిందా లేదా?" తగిలిందన్నాను. "తగిలితే దాన్ని దాటుకోని యాడికి పోతాండావు? అది నలిగినంక అడుగు తియ్యి. మీ ఇంట్లో పాపకు అన్నం పిసికి పెట్టవా? గోడకూ అంతే."

మట్టి మూడు రోజులు నానాలి. అది ఆయన లెక్క. మొదటి రోజు నీళ్ళు పోసి వదిలేయాలి. రెండో రోజు గడ్డి తునకలు కలిపి తొక్కాలి. మూడో రోజు మళ్ళీ తొక్కి, గోనెసంచులు తడిపి కప్పాలి. నాలుగో రోజు పొద్దున ఆయన వచ్చి గుంట ఒడ్డున నిలబడి ఒకటే మాట అడిగేవాడు. "నానిందా?" నానింది అంటే పని మొదలు. చెయ్యి పెట్టి చూసేవాడు కాదు. మొదట్లో నేను అదొక అలవాటు అనుకున్నాను. మట్టి తొక్కిన మనిషికి తన మట్టి సంగతి తెలుసునని నమ్మడం అది అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఒకసారి మా ఊళ్ళోనే ఒక కొత్త ఇంటికి గడప పెడుతున్నారు. పసుపు, కుంకుమ, టెంకాయ అన్నీ తెచ్చి పెట్టారు. నేను మట్టి తట్ట దించుతూ ఉంటే ఆ ఇంటి ముసలమ్మ చూసింది. "దస్తగిరీ, ఆ మనిషిని రోంత అవతలికి పొమ్మను. గడప పెట్టే యాళకు ముండమోపి యాల ఈడ?" అంది. నేను అప్పటికే లేచాను. మాకు అలవాటే కదా, ఎవరూ చెప్పక ముందే లేవడం.

దస్తగిరన్న తాపీ కింద పెట్టాడు. కోపంగా కాదు, చల్లగా అన్నాడు. "అట్లే కానీవ్వా. ఆయమ్మ తొక్కిన మట్టి గూడా అవతలికి ఎత్తిపిస్తా. కొత్త మట్టి నానేకి మూన్నాళ్ళు పడ్తాది. ముహూర్తం అంతవరకూ నిలబడతాదేమో అయ్యోరిని అడుగు."

ముసలమ్మ చాలాసేపు గొణిగి, చివరికి "ఉండనీలే, మొగం అటుపక్కకు తిప్పుకోమను" అంది. నేను గోడకు వీపు ఆనించి, ఎండిపోయిన చేల వైపు చూస్తూ నిలబడ్డాను. టెంకాయ కొట్టిన చప్పుడు వినిపించింది. తరువాత దస్తగిరన్న గడప కింది రాయితో మాట్లాడుతున్న మాట. "ఈడ ఓబులమ్మ మట్టి ఉండాది, కదలకుండా కూచో." నా పేరు ఆ పొద్దు దాకా ఎవరి నోటా అంత మామూలుగా రాలేదు.

మధ్యాహ్నం సద్ది తిన్న తరువాత ఆయన నాకు గోడ వినడం నేర్పించాడు. గోడ మందమంతా ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా పడుకునే పొడుగు రాయి ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన కట్టురాయి అనేవాడు. రెండు పక్కల రాళ్ళనూ పట్టి ఉంచేది అదే. పైన మట్టి పూత పూస్తే ఏ రాయి ఎక్కడుందో కనపడదు. చేతికి గుండ్రాయి ఇచ్చి, కళ్ళు మూసుకుని తట్టమనేవాడు. చిన్న రాయి టక్కుమంటుంది. మట్టి చప్పుడును మింగేస్తుంది. కట్టురాయి మాత్రం అవతలి పక్కన ఎవరో తట్టినట్టు దూరంగా పలుకుతుంది. తప్పు చెబితే నవ్వేవాడు. "చెవుల్లో శెనక్కాయలు పోసుకున్యావా?" అనేవాడు.

ఇక చెప్పాల్సింది వచ్చింది.

రెడ్డి ఒకాయన వేరుశనగ కాయలు పోసుకోవడానికి కొట్టు కట్టించాడు. అది బాగా వస్తే, పక్కనే కొత్త ఇల్లు మొత్తం దస్తగిరన్న చేతనే కట్టిస్తానని మాట. రెండేళ్ళ పని. అప్పుడు నీళ్ళు మైలు దూరంలో ఉన్న బోరు దగ్గర. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. బిందెలు వరసలో పెట్టి కూర్చోవాలి. ఆ వారం సుజాతకు జ్వరం. పిల్లను ఇంట్లో పక్కింటామెకు అప్పగించి నీళ్ళకు పోయేదాన్ని. మట్టి నానబెట్టిన రెండో రోజు, బోరు దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చున్నా మళ్ళీ కరెంటు రాలేదు. నా దగ్గర పొద్దున పట్టిన రెండు బిందెలు ఉన్నాయి. అవి గుంటకు పోయాలి. పోయలేదు. ఇంటికి తీసుకుపోయాను. పిల్ల ఒళ్ళు తుడవడానికి, గంజికి, తాగడానికి వాడుకున్నాను. మూడో రోజు కూడా సగం నీళ్ళే దొరికాయి. సాయంత్రం గుంటలో పైపైన చల్లి, గోనెసంచులు తడిపి కప్పాను. పైనుంచి చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అడుగున గడ్డలు అట్లాగే ఉన్నాయి. కాలికి తగిలాయి. దాటుకుని వచ్చాను.

పొద్దున దస్తగిరన్న ఒడ్డున నిలబడ్డాడు. "నానిందామ్మే?"

"నానింది" అన్నాను.

ఒక్క మాట. నీళ్ళు లేవన్నా అని ఉంటే ఇంకో రెండు రోజులు పని ఆపేవాడు. ఎక్కువంటే రెడ్డి అరిచేవాడు. రెండు రోజుల కూలి పోతుందని, పిల్లకు మందు కావాలని, ఇంకా ఏవేవో అనుకున్నాను. అన్నీ నిజమే. అయినా నోరు నాది.

గోడ నిలబడింది. పూత కూడా అయిపోయింది. ఇరవై రోజులకు వాన వచ్చింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన వాన. ఊరంతా వీధుల్లోకి వచ్చి తడిసింది. మరుసటి పొద్దున దస్తగిరన్న తూకంగుండు తీసుకుని కొట్టు దగ్గరికి పోయాడు. నేను వెనకాలే పోయాను. గోడ మధ్యలో కడుపు వచ్చింది. ఏడు నెలల చూలాలి కడుపులాగా, చూడగానే తెలిసేది. గుండు దారం వదిలితే గోడకు తగిలి పక్కకు పోయింది. ఆయన ఆ చోట పూత గీరి, వేళ్ళు లోపలికి పెట్టి ఒక గడ్డ బయటికి తీశాడు. చితిపాడు. బయట తడి, లోపల ఎండు. నా వైపు చూడలేదు.

అంతలో రెడ్డి వచ్చాడు. "ఏమప్పా దస్తగిరీ, ఇదేనా నీ పనితనం?"

"నాదే పొరపాటు రెడ్డీ. మట్టి నానకముందే గోడకెత్తినా."

"ముప్పై ఏండ్ల బేల్దారివి, నీకు తెలీదా నానిందో లేదో?"

"చెయ్యి పెట్టి చూడకపోతిని."

నేను తట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ గోడను ఆయన విప్పి మళ్ళీ కట్టాడు. ఆ పనికి కూలి అడగలేదు, నాకు మాత్రం ఇప్పించాడు. చివరి రోజు దారిలో అడిగాను. "నా పేరు యాల చెప్పలేదన్నా?"

తాపీకి అంటిన మట్టి గీరుకుంటూ అన్నాడు. "నీ పేరు చెప్తే ఈ పక్క ఊర్లల్లో నిన్ను ఎవురూ పనికి పిలవరు. నన్నయితే నాలుగు తిట్టి మళ్ళీ పిలుస్తారు." నడుస్తూనే, "పాపకు జ్వరం తగ్గిందా?" అన్నాడు. ఆయనకు అంతా తెలుసు.

మళ్ళీ పిలవలేదు. రెడ్డి ఇల్లు సిమెంటు మేస్త్రీకి పోయింది. ఒక ఊళ్ళో గోడ కడుపు తీసిందంటే పది ఊళ్ళకు పాకుతుంది. ఏడాది తిరగకముందే దస్తగిరన్న బెంగళూరుకు పోయాడు, పెద్ద పెద్ద మిద్దెల దగ్గర బండలు కోసే పనికి. బండ కోసే పొడి ఎట్లాంటిదో మీకు తెలిసే ఉంటుంది. సిమెంటు ఎట్లాగూ వచ్చేదే, రాతి గోడల పని ఎట్లాగూ పోయేదే అని అందరూ అంటారు. నేనూ అనుకుంటాను. అనుకుని పడుకుంటాను. లేచేసరికి అది మళ్ళీ అక్కడే ఉంటుంది.

నాలుగేళ్ళకు తిరిగి వచ్చాడు. మాట మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో మాట. ఆ ఏడే మా ఇంటి పడమటి గోడ సగం కూలింది. ఎట్లా తెలిసిందో, ఒక పొద్దున తాపీ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "మట్టి నానబెట్టు, నాలుగైదు పొద్దుల్లో వస్తా" అన్నాడు.

నేను నాలుగు రోజులు నానబెట్టాను. ఒక రోజు ఎక్కువే. ఒక్కొక్క గడ్డను మడమతో వెతికి నలిపాను. ఆయన వచ్చి గుంట ఒడ్డున కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు.

"నానిందా?"

"నువ్వే చెయ్యి పెట్టి చూడన్నా" అన్నాను.

"నిన్ను అడుగుతాండా."

"నానింది."

చెయ్యి పెట్టలేదు. లేచి తాపీ అందుకున్నాడు. పన్నెండు రోజులు పట్టింది. మామూలుగా అయిదు రోజుల పని. రాళ్ళతో మాట్లాడటం తగ్గింది, ఊపిరి చాలక. మరుసటి ఎండాకాలం పోయాడు. ఆయన చేత్తో కట్టిన చివరి గోడ అదే.

ఆ గోడకే మంజునాథ బొక్క వేసింది.

సుజాత ఉరవకొండలో హాస్టల్లో వంట చేస్తుంది. నా మనవరాలు లిఖితకు నాలుగేళ్ళు. మాది ఒకటే గది. ఒక పక్క పొయ్యి, ఒక పక్క వాకిలి, ఇంకో పక్క కిటికీ. పడమటి గోడ ఒక్కటే ఖాళీ. దాని కిందే మంచం. ఆ మంచం మీదే లిఖిత పడుకుంటుంది. ఏడాదిగా కూడబెట్టి సుజాత పెద్ద టీవీ కొన్నది. "అందరిండ్లల్లో గోడకే ఉంటాది మా. మనకూ గోడకే" అని, పనికి పోతూ మంజునాథను పంపించింది.

"పెద్దమ్మా, ఇది గోడ కాదు, మట్టిగుట్ట" అన్నాడతను.

"మట్టిలో వేసినావు కాబట్టి మట్టి వచ్చింది. ఉండు."

దేవుడి పటం దగ్గర పెట్టుకున్న గుండ్రాయి తీసుకుని మంచం ఎక్కాను. కళ్ళు మూసుకుని తట్టాను. టక్కు. టక్కు. మింగింది. మళ్ళీ టక్కు. ఆ తరువాత, నా మోచేతి ఎత్తులో, దూరంగా పలికింది. అవతలి పక్కన ఎవరో తట్టినట్టు. చెయ్యి అక్కడే పెట్టి కాసేపు ఊరికే ఉన్నాను. "ఈడ వెయ్యి" అన్నాను. మిషను ఈసారి గట్టిగా అరిచింది, తెల్లటి పొడి రాలింది. మేకు బిగుసుకుంది. దాని పక్కదీ బిగుసుకుంది.

ఇనుప పట్టీకి నాలుగు బొక్కలు. కింది రెండూ కట్టురాయిలో పడ్డాయి. పైవి రెండూ మట్టిలో పడ్డాయి. మేకు తిప్పితే ఊరికే తిరుగుతోంది. గుండ్రాయితో అటూ ఇటూ తట్టి చూశాను. పైన రాయి దొరకలేదు. మంజునాథకు ఇంకా రెండు ఇళ్ళు ఉన్నాయి. రెండు చెక్క ముక్కలు చెక్కి, బొక్కల్లోకి దిగగొట్టి, వాటిలో మేకులు ఎక్కించాడు. చేత్తో గట్టిగా లాగి చూపించాడు. రాలేదు.

"చూడు, పట్టింది. టీవీ తగిలిస్తే మేకులు యాడా కనపడవు. మీ కూతురు అడిగితే గట్టిగా ఉండాదని చెప్పు."

"ఎండాకాలంలో చెక్క ఎండి సన్నబడదా అప్పా?"

అతను గోడ వంక చూశాడు. "అప్పటి సంగతి అప్పుడు పెద్దమ్మా."

అంతలో ఫోను మోగింది. సుజాత. వెనక గిన్నెల చప్పుడు. "పట్టిందా మా?"

నేను పైన నిగనిగలాడుతున్న రెండు మేకులను చూశాను. కింద మంచం మీద లిఖిత దిండు ఉంది. ఒక్క మాట చాలు. పట్టింది అంటే నా బిడ్డ సంతోషంగా ఇంటికి వస్తుంది. ఈ పొద్దుకు అబద్ధం కూడా కాదు.

"పట్టలేదు" అన్నాను.

"ఆ పాడు గోడను పడగొట్టాల" అని పెట్టేసింది. మంజునాథ మేకులన్నీ ఊడదీసుకుని, గొణుక్కుంటూ పోయాడు. టీవీని విత్తన కాయలు పోసుకునే రేకు డబ్బా మీద పెట్టాను. డబ్బా ఖాళీగా ఉండి మూడేళ్ళయింది. దాన్ని వాకిలి దగ్గరికి జరిపితే, ఇప్పుడు ఇంట్లోకి రావాలంటే ఒక్కొక్కరమే పక్కకు తిరిగి రావాలి. సుజాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి ఇది రాయించడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన వాళ్ళలో రాయడం వచ్చింది ఆ పిల్లకే. ఇంకొక కారణం ఉందన్నాను కదా. మట్టి నానక ముందే నానింది అన్నానని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

రెండు బిందెల మాట దగ్గరికి వచ్చేసరికి సుజాత పెన్ను ఆపింది. "నా జ్వరానికేనా మా?" అంది.

"జ్వరం నీది. మాట నాది. రాయి."

రాసింది. రాసి, లేచి పోయి గోడ దగ్గర నిలబడింది. అయిదు బొక్కలు, చుట్టూ పెచ్చులు ఊడిన పూత. వేలితో ఒక బొక్క అంచు తడిమింది. పడగొట్టాలని మళ్ళీ అనలేదు. అనకూడదని కూడా నేను అడగలేదు. ఆ గోడ ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. నేను పోయాక ఆ పిల్ల ఇష్టం.

బొక్కలు పూడ్చడానికి ఎర్రమట్టి తెచ్చి పాత సత్తు గిన్నెలో నానబెట్టాను. అంతా కలిపితే రెండు పిడికిళ్ళు ఉండదు. కాళ్ళతో తొక్కేంత లేదు, వేళ్ళతోనే గడ్డలు వెతుకుతున్నాను. పైన తడిగుడ్డ కప్పి ఉంచాను. ఇందాక సుజాత పొయ్యి దగ్గరికి పోతూ ఆ గిన్నె దగ్గర ఆగింది. గుడ్డ ఎత్తి చూడలేదు.

"నానిందా మా?" అంది.

నేను గిన్నెలో చెయ్యి పెట్టాను. అడుగున, శనగ గింజంత గడ్డ ఒకటి తగిలింది.

"ఇంకా లేదు" అన్నాను.